వానల్లో చార్టర్ ఫ్లైట్ మాట్లాడుకునే ముందు

ఓర్వకల్లులో 2021లో ఎయిర్‌పోర్టు మొదలయ్యాక, పెళ్లికనో హాస్పిటల్‌కనో చిన్న విమానం మాట్లాడుకునేవాళ్లు మన కర్నూలులోనూ కనిపిస్తున్నారు. వానాకాలంలో అయితే ముహూర్తానికీ దిగే టైముకూ మధ్య సగం రోజైనా ఖాళీ ఉంచుకోండి. మేం ఉంచుకోలేదు.

పదకొండింటికి తలంబ్రాలు, పదింటికి దిగేలా చెన్నైలో ఎక్కాం. కిటికీలోంచి ఓర్వకల్లు రాళ్లు ఒక్క క్షణం కనిపించి మళ్లీ మబ్బులో కలిసిపోయాయి. "సార్, ఇంకొక్కసారి ట్రై చేయండి" అని మా బంధువొకాయన సీట్లోంచే కేకేశాడు. చిన్న విమానంలో ఆ మాట నేరుగా పైలట్ చెవిన పడుతుంది. ఆయన పలకలేదు, ఇంజన్ల మోత పెంచి విమానాన్ని పైకి లేపాడు. గో అరౌండ్ అంటారు దీన్ని. మబ్బుల్లో దిగేటప్పుడు వెయ్యి అడుగుల ఎత్తుకల్లా వేగం, దిశ, చక్రాలు అన్నీ కుదరాలి. కుదరకపోయినా, చివరికి రన్‌వే కనపడకపోయినా లేపేయాల్సిందే. మావాళ్లు వెంకన్నకు మొక్కుకున్నారు గానీ, ఆ రోజు మాలో బుద్ధిగా ప్రవర్తించింది ఆ పైలట్ ఒక్కడే.

2023 సెప్టెంబర్ 14న విశాఖ నుంచి వెళ్లిన లియర్‌జెట్ ఒకటి ముంబైలో జోరువానలో దిగుతూ రన్‌వే పక్కకు దూసుకుపోయింది. అప్పుడు చూపు ఆనేది 700 మీటర్లే. ఎనిమిది మందీ ప్రాణాలతో బయటపడ్డారు. ఇక సెప్టెంబర్ మబ్బు సంగతి, 2009లో పావురాలగుట్ట మీద వైఎస్ హెలికాప్టర్ కూలడం చూసిన జిల్లాకు నేను చెప్పాలా?

బుక్ చేసేటప్పుడు రేటు తర్వాత అడగొచ్చు. విమానయానాన్ని నియంత్రించే డీజీసీఏ ఇచ్చిన పర్మిట్ ఉందా, పైలట్లు ఇద్దరా, ఇక్కడ కుదరకపోతే శంషాబాదా బెంగళూరా, అక్కడిదాకా వెళ్లి ఇంకాసేపు తిరిగేంత ఇంధనం ఉంటుందా, ఇవి ముందు అడగండి. ఓర్వకల్లు రన్‌వే 2,000 మీటర్లు. తడి రన్‌వేకి దిగే దూరాన్ని లెక్కలో 15 శాతం పెంచుకుంటారు కాబట్టి బరువు దగ్గర అబద్ధం వద్దు. సారె బిందెలు, స్వీట్ల డబ్బాలు కూడా కాటా ఎక్కించి చెప్పండి. మే నెలలో, అక్టోబర్‌లో ఉరుముల వాన ఎక్కువగా మధ్యాహ్నం దాటాకే పడుతుంది, అందుకని పొద్దున ఫ్లైటే మేలు. డిసెంబర్, జనవరిల్లో మాత్రం మంచు విడిచాకే.

ఎక్కగానే తలుపు ఎటు తెరుచుకుంటుందో, రెండో దారి ఎక్కడుందో చూపించమనండి. బెల్టు పొట్ట మీద కాదు, తొడల పైన ఎముకలకు ఆనేలా బిగించాలి. దిగేటప్పుడు ల్యాప్‌టాప్, బాటిల్ ఒళ్లో ఉంచుకోవద్దు. ఏదైనా జరిగితే బ్యాగు ఊసెత్తకుండా బయటపడి, విమానానికి దూరంగా, గాలి వచ్చే వైపుకు నడవండి.

శంషాబాద్‌లో కారు కూడా ముందే మాట్లాడి పెట్టుకోండి. మేం అక్కడ దిగి, టాక్సీ కోసం గంట నిలబడి, ఇంకో మూడున్నర గంటలు ప్రయాణం చేసి కర్నూలు చేరాం. తలంబ్రాలు ఎప్పుడో అయిపోయాయి. ఆఖరి బంతిలో భోజనం దొరికింది.