మేడమీది ట్యాంకులో నీటి మట్టాన్ని అతిధ్వనులతో కొలవడం ఎలా?

మేడమీది ట్యాంకులో నీళ్లు ఎంతవరకు ఉన్నాయో చూడడానికి నిచ్చెన ఎక్కి మూత తీయడం, నిండి గోడల వెంట కారేదాకా మోటారు కట్టేయడం మరిచిపోవడం మన ఇళ్లలో మామూలే. ఫ్లోట్ స్విచ్ పెట్టుకుంటే ట్యాంకు నిండిందా లేదా అన్న ఒక్క సంగతే తెలుస్తుంది, ఎన్ని లీటర్లు మిగిలాయో తెలియదు. నీళ్లలో లోహపు కడ్డీలు ముంచి ఉంచే పద్ధతిలో, ముఖ్యంగా బోరు నీళ్లు వాడే చోట, కొన్నాళ్లకే వాటిమీద ఉప్పు పేరుకుంటుంది. నీటిని తాకకుండానే మట్టం చెప్పే అతిధ్వని సెన్సరుకు ఈ రెండు ఇబ్బందులూ లేవు. దాన్ని కొని తీగలు కలపడం ఒక పూట పని. సరైన చోట బిగించడంలోనే అసలు నేర్పు ఉంది, అందుకు ధ్వని తరంగం ఎలా నడుచుకుంటుందో కొంత తెలిసి ఉండాలి.

ధ్వని గాలిలో అనుదైర్ఘ్య తరంగంగా ప్రయాణిస్తుంది. అంటే గాలి కణాలు తరంగం సాగే దిశలోనే ముందుకూ వెనక్కూ కంపిస్తూ, ఒకచోట దగ్గరై సంపీడనాలనూ, మరొకచోట దూరమై విరళీకరణాలనూ ఏర్పరుస్తాయి. సెకనుకు 20 నుంచి 20,000 కంపనాల వరకు మన చెవికి వినిపిస్తాయి. అంతకు పైన ఉన్నవి అతిధ్వనులు. మనం వాడే సెన్సరు పౌనఃపున్యం 40 కిలోహెర్ట్జ్, అంటే సెకనుకు 40,000 కంపనాలు. మనకు వినపడదు గాని పిల్లులకు వినపడుతుంది. 25 డిగ్రీల సెల్సియస్ వద్ద గాలిలో ధ్వని వేగం సెకనుకు సుమారు 346 మీటర్లు కాబట్టి దీని తరంగదైర్ఘ్యం, అంటే ఒక సంపీడనం నుంచి తరువాతి సంపీడనం వరకు ఉండే దూరం, దాదాపు 8.7 మిల్లీమీటర్లు. ఒక కిలోహెర్ట్జ్ ధ్వనికి ఇది సుమారు 35 సెంటీమీటర్లు ఉంటుంది; అంత పొడవైన తరంగం చిన్న బిళ్ల నుంచి వెలువడితే అన్ని వైపులకూ పరుచుకుపోతుంది. తరంగదైర్ఘ్యం చిన్నదైనకొద్దీ ధ్వని ఒక పుంజంలా ఒకే దిక్కుకు సాగుతుంది, నిశ్చలంగా ఉన్న నీటి ఉపరితలం దానికి అద్దంలా పనిచేస్తుంది.

ఆ అద్దం చాలా మంచి అద్దం. ధ్వనికి యానకం చూపే అవరోధం, అంటే దాని సాంద్రతను అందులోని ధ్వని వేగంతో గుణిస్తే వచ్చే విలువ, గాలిలో కంటే నీటిలో సుమారు 3,500 రెట్లు ఎక్కువ. ఇంత తేడా ఉన్న రెండు యానకాల సరిహద్దు వద్ద ధ్వని శక్తిలో 99.9 శాతం వెనక్కి మరలిపోతుంది. ఆసుపత్రిలో స్కానింగ్ చేసేటప్పుడు పొట్టమీద జెల్ పూయడానికి కారణం కూడా ఇదే: ప్రోబుకూ చర్మానికీ మధ్య పలుచని గాలిపొర మిగిలినా అతిధ్వని లోపలికి పోదు. అక్కడ శత్రువైన ఈ పరావర్తనమే మనకు ఇక్కడ ఆధారం.

సెన్సరు కొలిచేది కాలాన్ని

జాక్ క్యూరీ, పియరీ క్యూరీ సోదరులు 1880లో కనుగొన్న పీడన విద్యుత్ ప్రభావం ఈ సెన్సరుకు మూలం: కొన్ని స్ఫటికాలను నొక్కితే విద్యుత్తు పుడుతుంది, విద్యుత్తు ఇస్తే అవి కంపిస్తాయి. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో జలాంతర్గాముల జాడ పట్టడానికి ఫ్రెంచి భౌతిక శాస్త్రవేత్త పాల్ లాంజెవాఁ క్వార్ట్జ్ పలకలతో చేసిన పనికి, మన ట్యాంకుమీద బిగించే బిళ్ల దూరపు వారసురాలు. మన ప్రోగ్రామును నడిపే చిన్న కంప్యూటరు చిప్ అయిన మైక్రోకంట్రోలర్ నుంచి సెన్సరు ట్రిగ్గర్ పిన్నుకు 10 మైక్రోసెకన్ల సంకేతం అందగానే సెన్సరు ఎనిమిది అతిధ్వని స్పందనలను (పల్స్‌లను) వదులుతుంది. ప్రతిధ్వని తిరిగి వచ్చేవరకు దాని ఎకో పిన్ను 5 వోల్టుల వద్ద నిలిచి ఉంటుంది. అలా నిలిచిన కాలాన్ని ధ్వని వేగంతో గుణించి, రానూపోనూ ప్రయాణం కాబట్టి రెండుతో భాగిస్తే దూరం వస్తుంది. ఉదాహరణకు 25 డిగ్రీల వద్ద 5,780 మైక్రోసెకన్లు పడితే నీరు ఒక మీటరు దిగువన ఉన్నట్టు.

ఆ వేగం ఉష్ణోగ్రతతో మారుతుంది: సున్నా డిగ్రీల వద్ద సెకనుకు 331 మీటర్లు, ఆపైన ప్రతి డిగ్రీకి సుమారు 0.6 మీటర్లు అదనం. చాలామంది ప్రోగ్రాములో 343 అన్న స్థిర సంఖ్య రాసి వదిలేస్తారు, కాని అది 20 డిగ్రీల విలువ. మే నెల మధ్యాహ్నం ట్యాంకు లోపలి గాలి 40 డిగ్రీలకు చేరితే వేగం 355 అవుతుంది. అప్పుడు 150 సెంటీమీటర్ల దూరం సుమారు 145గా కనిపిస్తుంది. దీనికి తోడు మూసిన ట్యాంకులోని తేమ అదే వేడిలో వేగాన్ని మరో ఒక శాతం దాకా పెంచుతుంది. అందుచేత మూత లోపలి వైపున, నీటికి అందకుండా, డీఎస్18బీ20 వంటి ఉష్ణోగ్రత సెన్సరును కూడా అమర్చి, ప్రతి కొలతకూ వేగాన్ని తిరిగి లెక్కించడం మంచిది. తేమ సంగతిని, చివర్లో టేపుతో సరిచూసేటప్పుడు సవరించుకోవచ్చు.

ఏ సెన్సరు, ఏ తీగలు

రెండు కళ్లలాంటి గొట్టాలతో ఉండే హెచ్‌సీ-ఎస్ఆర్04 సెన్సరు బల్లమీద ప్రయోగాలకు చవకైనది, 2 సెంటీమీటర్ల నుంచి 4 మీటర్ల వరకు కొలుస్తుంది. అయితే ట్యాంకులో దాన్ని పెట్టవద్దు. ఆవిరి దాని జాలీలోకి దూరి తుప్పు పట్టిస్తుంది. నీరు చొరబడని బిళ్ల ఉన్న జేఎస్ఎన్-ఎస్ఆర్04టీ ఇందుకు తగినది. బిళ్ల ఒక తీగ చివర ఉంటుంది కాబట్టి సర్క్యూట్ బోర్డును ట్యాంకు బయట వానకు తడవని పెట్టెలో ఉంచవచ్చు.

ఈఎస్పీ32 వంటి 3.3 వోల్టుల మైక్రోకంట్రోలర్ బోర్డు వాడితే ఎకో పిన్నును నేరుగా కలపకూడదు. ఎకో నుంచి 1 కిలోఓమ్ నిరోధకం ద్వారా బోర్డు పిన్నుకు, ఆ పిన్ను నుంచి 2 కిలోఓమ్‌ల నిరోధకం ద్వారా గ్రౌండుకు కలిపితే 5 వోల్టులు సుమారు 3.3కు తగ్గుతాయి. బోర్డును ట్యాంకు దగ్గరే ఉంచి కొలతను వైఫై ద్వారా కిందికి పంపడం మేలు. ఎకో సంకేతాన్ని మూడంతస్తుల పొడవునా తీగలో లాగితే దారిలో చేరే విద్యుత్ రొద కొలతను పాడుచేస్తుంది.

బిగించడం

ఈ పనిలో ఎక్కువ సమయం ఇక్కడే పెట్టాలి. ఒకే బిళ్ల అరిచి, వినే పని కూడా చేస్తుంది కాబట్టి, అరిచిన తరువాత దాని కంపనం అణిగేదాకా దేన్నీ వినలేదు. జేఎస్ఎన్ సెన్సరులో ఈ గుడ్డి దూరం 20 నుంచి 25 సెంటీమీటర్లు. నీరు అంతకన్నా దగ్గరికి వచ్చినప్పుడు చూపే అంకెకు అర్థం ఉండదు. నీటికీ మూతకూ మధ్య రెండుసార్లు తిరిగి వచ్చిన ప్రతిధ్వనిని పట్టుకుని, ఉన్నదానికంటే నీరు తక్కువగా ఉందని చూపవచ్చు, అప్పుడు మోటారు ఆగదు. కాబట్టి బిళ్ల ముఖం, నీళ్లు పొర్లిపోయే పైపు మట్టానికి కనీసం 25 సెంటీమీటర్ల పైన ఉండాలి. మూత కింద అంత ఎత్తు లేకపోతే, మూతకు రంధ్రం చేసి నాలుగంగుళాల పీవీసీ పైపు ముక్కను మెడలా నిలబెట్టి, దాని పైన బిళ్లను బిగించవచ్చు. మెడ పొడవు గుడ్డి దూరం కంటే తక్కువగా ఉంటే పైపు అంచుల నుంచి వచ్చే ప్రతిధ్వనులు చాలావరకు వినపడని కాలంలోనే ముగిసిపోతాయి.

రెండవది నిలువు. నీరు అద్దం కాబట్టి బిళ్ల 5 డిగ్రీలు వంగితే ప్రతిధ్వని 10 డిగ్రీలు పక్కకు పోతుంది. 150 సెంటీమీటర్ల లోతు నుంచి తిరిగి వచ్చేసరికి అది బిళ్లకు సుమారు 26 సెంటీమీటర్ల దూరంలో పడుతుంది. ప్లాస్టిక్ మూత ఎండకు వంగిపోతుంది కనుక, రసమట్టంతో చూసి బిగించాలి, వేసవి గడిచాక మరోసారి చూడాలి. పుంజం ఒక్కో వైపుకు 15 డిగ్రీల మేర విచ్చుకుంటుందని లెక్క వేసుకుంటే, అదే లోతులో అది 40 సెంటీమీటర్ల వ్యాసార్ధానికి వ్యాపిస్తుంది. ఆ పరిధిలో పైపులు గాని, నీళ్లు పడే ధార గాని ఉండకూడదు. ధార కింద లేచే నురగ ధ్వనిని చెదరగొడుతుంది కాబట్టి మోటారు నడిచేటప్పుడే అంకెలు ఎగిరిపడుతుంటే ముందుగా ధారనే అనుమానించాలి.

అంకెలను లీటర్లుగా మార్చడం

ఒక్క కొలతను ఎప్పుడూ నమ్మవద్దు. కనీసం 60 మిల్లీసెకన్ల వ్యవధితో ఏడు కొలతలు తీసుకుని, వాటిని వరుస క్రమంలో పేర్చి మధ్యదాన్ని తీసుకోవాలి. సగటు తీస్తే ఒక్క తప్పుడు ప్రతిధ్వని మొత్తాన్నీ లాగేస్తుంది. ఆ వ్యవధి లేకపోతే పాత స్పందన ప్రతిధ్వని కొత్తదానిలో కలుస్తుంది. ఆ తరువాత ట్యాంకు దాదాపు ఖాళీగా ఉన్నప్పుడు ఒకసారి, నిండుగా ఉన్నప్పుడు ఒకసారి బిళ్ల నుంచి నీటివరకు టేపుతో కొలిచి, సెన్సరు చూపినదానితో పోల్చి తేడాను ప్రోగ్రాములో సవరించాలి. లోపలి వ్యాసం 110 సెంటీమీటర్లున్న గుండ్రని ట్యాంకులో ఒక సెంటీమీటరు నీరు దాదాపు 9.5 లీటర్లు. గోడలు వాలుగా, గీతలుగా ఉన్న ట్యాంకుల్లో ఈ లెక్క సరిపోదు. అక్కడ కొలత తెలిసిన బకెట్లతో పోస్తూ పట్టిక తయారుచేసుకోవడమే నిజాయితీ అయిన మార్గం.

మోటారును కూడా దీనితోనే నడపదలిస్తే, 25 శాతం వద్ద మొదలై 90 శాతం వద్ద ఆగేలా రెండు వేర్వేరు హద్దులు పెట్టాలి. ఒకే హద్దు పెడితే నీటి అలలకే మోటారు పదేపదే ఆగి మొదలవుతుంది. చిన్న రిలే నేరుగా మోటారు ప్రారంభ విద్యుత్తును మోయలేదు, దాని వెనుక కాంటాక్టరు (ఎక్కువ విద్యుత్తును మోయగల పెద్ద స్విచ్) ఉండాలి, ఆ భాగాన్ని ఎలక్ట్రీషియన్‌తోనే చేయించాలి. వరుసగా కొన్ని కొలతల్లో ప్రతిధ్వనే రాకపోతే ట్యాంకు ఖాళీ అయిందని ప్రోగ్రాము అనుకోకూడదు. బిళ్ల మీద నీటి బిందువులు చేరినా, తీగ ఊడినా అదే జరుగుతుంది కాబట్టి, అటువంటప్పుడు మోటారును ఆపి హెచ్చరిక పంపేలా రాయాలి.