కుటుంబ రక్షణ ప్రణాళిక – నాలుగో పాఠం: పొలాన్ని ఏ గడిలో రాయాలి?

మూడో పాఠంలోని లెక్కను చేసి పంపిన వారిలో చాలామంది ఒకే చోట పొరబడ్డారు. అందువల్ల ఈ వారం మొదలుపెట్టవలసిన ఆరోగ్య బీమాను వచ్చే పాఠానికి జరిపి, ఆ ఒక్క పొరపాటు దగ్గరే ఆగుతున్నాను.

లెక్క ఇది: నెల ఖర్చును 120తో హెచ్చవేసి, దానికి అప్పులన్నీ కలిపి, వెంటనే చేతికందే డబ్బును తీసివేస్తే ఇంటికి కావలసిన జీవిత బీమా మొత్తం తేలుతుంది. ధరల పెరుగుదలను, దాచిన డబ్బుపై వచ్చే వడ్డీని ఒకదానికొకటి చెల్లు వేసుకోవడం నా అలవాటు. పదేళ్ళ లెక్కకు అంతకన్నా సూక్ష్మం అవసరం లేదని నా అభిప్రాయం.

కోవూరు వైపు నుంచి ఒక పాఠకుడు పంపిన లెక్కనే తీసుకుందాం. నెల ఖర్చు 22,000 రూపాయలు కనుక పదేళ్ళకు 26,40,000 అయింది. నోటు రాసి తెచ్చిన అప్పు 4,50,000 కలిపితే 30,90,000. బ్యాంకులో ఉన్న 1,90,000 తీసివేస్తే 29,00,000 మిగిలింది. ఇంతవరకు ఎక్కడా వంక పెట్టడానికి లేదు. ఆ తరువాత ఆయన తన రెండు ఎకరాల వరి పొలానికి ఎకరం పాతిక లక్షల చొప్పున 50 లక్షలు విలువ కట్టి, దాన్ని కూడా తీసివేసి, తనకు బీమాయే అక్కరలేదని తేల్చుకున్నారు.

ఆ పొలం ఆయన సొంత సంపాదన. ఇంటి యజమాని వీలునామా రాయకుండా కన్నుమూస్తే, హిందూ వారసత్వ చట్టం ప్రకారం ఆ పొలం భార్యకు, పిల్లలకు, బ్రతికి ఉంటే తల్లికి సమానంగా చెందుతుంది. ఆయన ఇంట్లో తల్లి, భార్య, ఇద్దరు చిన్నపిల్లలు ఉన్నారు కాబట్టి తలా నాలుగో వంతు, అంటే సగం పొలం మైనర్లది అవుతుంది. మైనరు వాటాను అమ్మాలంటే, అమ్మేది కన్నతల్లే అయినా, 1956 నాటి హిందూ మైనారిటీ, సంరక్షకత్వ చట్టంలోని 8వ సెక్షన్ ప్రకారం ముందుగా కోర్టు అనుమతి పొందాలి. దానికి ముందు మరణ ధ్రువపత్రం, కుటుంబ సభ్యుల ధ్రువపత్రం, పట్టాదారు పాసుపుస్తకంలో పేర్ల మార్పు ఉండనే ఉన్నాయి. అప్పిచ్చినవారు మాత్రం పెద్దకర్మ ముగిసీ ముగియకముందే నోటు పట్టుకొని వస్తారు. నూటికి రెండు రూపాయల వడ్డీ అయితే 4,50,000 మీద నెలకు 9,000, రెండేళ్ళు గడిస్తే 2,16,000. ఆ ఒత్తిడిలో చేసే బేరంలో ఎకరానికి పాతిక లక్షలు పలకవు, అయినకాడికి ఇచ్చివేస్తారు. భర్త ఉన్నప్పుడు పొలం గల ఇల్లుగా బ్రతికిన ఆమె, ఆ పొలంలోనే కూలికి నాటు వేయవలసి వస్తుంది. పొలాన్ని తీసివేత గడిలో రాయవద్దని నేను ఇంత పట్టుదలగా చెప్పడానికి కారణం ఇదే. ఆ పొలం ఇంటికి నిలవడానికే బీమా తీసుకుంటున్నాము.

రొయ్యల చెరువులను కౌలుకు చేసేవారికి మేత కొట్టు బాకీ కూడా అప్పే. చీమకుర్తి గనుల్లో పనిచేసేవారు ఓవర్‌టైమ్ ఆదాయాన్ని లెక్కలో చూపనవసరం లేదు, ఖర్చు రాస్తే చాలు. బంగారాన్ని తీసివేత గడిలో సగం విలువకు రాసుకోండి.

టర్మ్ పాలసీ (గడువులోపల మరణిస్తేనే సొమ్ము ఇచ్చే జీవిత బీమా) ప్రీమియం కూడా భారమనుకునే వారు ప్రధానమంత్రి జీవన జ్యోతి, సురక్షా బీమా పథకాలలో చేరామని రాశారు. మొదటిదానికి ఏడాదికి 436 రూపాయలు, రెండవదానికి 20. మొదటిదానిలో మరణానికి, రెండవదానిలో ప్రమాద మరణానికి 2 లక్షల చొప్పున ఇస్తారు. 29 లక్షల అవసరానికి ఇది చాలదు, అయినా ఉండి తీరాలి. అయితే చేరామని నిశ్చింతగా ఉన్న ప్రతి ఒక్కరూ ఒక మాట శ్రద్ధగా వినండి. ఈ బీమా జూన్ 1న మొదలై మే 31న ముగుస్తుంది, మరుసటి ఏటి సొమ్మును బ్యాంకు మే 25 నుంచి 31 లోపల ఖాతాలోంచి తీసుకుంటుంది. ఆ రోజుల్లో 456 రూపాయలు లేకపోతే రక్షణ తెగిపోతుంది. మన తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు వేట నిషేధం; మత్స్యకారుల ఖాతాలు అడుగంటేది సరిగ్గా అప్పుడే. కొత్తపట్నం వైపు ఒక అమ్మ ప్లాస్టిక్ కవరులో చుట్టి తెచ్చిన భర్త పాసుపుస్తకాన్ని నేను స్వయంగా చూశాను. వరుసగా రెండు మే నెలల్లో 436 తీసిన పద్దు ఉంది, మూడవ మే నెలలో లేదు, నిల్వ 312 రూపాయలు. ఆమె భర్త ఆ ఆగస్టులో పోయారు. 124 రూపాయలు తక్కువైనందుకు రెండు లక్షలు రాలేదు. తెగిన తరువాత మళ్ళీ చేరవచ్చు, కానీ మొదటి 30 రోజుల్లో ప్రమాదం వల్ల కాకుండా మరణిస్తే సొమ్ము ఇవ్వరు. అందుకే నా ఇంట్లో ఏప్రిల్ మొదటి వారంలోనే 500 రూపాయలు ఆ ఖాతాలో వేసి, మే నెలాఖరు వరకు ముట్టుకోము. జూన్ మొదటి వారంలో పాసుపుస్తకంలో పద్దు వేయించి 436 కనిపించిందో లేదో చూస్తాము. ఫోనుకు వచ్చే సందేశాన్ని నమ్ముకోము. రెండు బ్యాంకుల్లో చేరితే నాలుగు లక్షలు వస్తాయన్న ఆశ కూడా వద్దు, ఎన్ని ఖాతాల్లో కోసినా ఇచ్చేది రెండు లక్షలే.

అభ్యాసం: ఈ ఆదివారం మీరు ఒక గంట పక్కన కూర్చొని నోరు మెదపకుండా ఉండండి. మీ జీవిత భాగస్వామి ఎవరినీ అడగకుండా పాలసీ పత్రాన్ని, బ్యాంకు పాసుపుస్తకాలను, పట్టాదారు పాసుపుస్తకాన్ని వెతికి తీయాలి. ఎవరెవరికి ఎంత బాకీయో, నోటు ఎవరి దగ్గర ఉందో, మనకు ఎవరు ఇవ్వాలో కాగితం మీద రాయాలి. ప్రతి ఖాతాలో నామినీ ఎవరో చెప్పాలి. పెళ్ళికి ముందు తెరిచిన ఖాతాల్లో ఇప్పటికీ చనిపోయిన నాన్నగారి పేరే ఉంటే సోమవారం బ్యాంకుకు వెళ్ళి మార్పించండి. 2025 నవంబరు 1 నుంచి ఒక ఖాతాకు నలుగురి వరకు నామినీలను పెట్టుకోవచ్చు. రాయలేక ఖాళీగా వదిలిన గడులను మీరు పూరించకండి. ఆ కాగితాన్ని ఉన్నది ఉన్నట్టుగానే నాకు పంపండి.