జిగ్లీపఫ్ కునుకు దెబ్బ: ఎప్పుడు వెయ్యాలి, ఎప్పుడు ఊరుకోవాలి

నింటెండో స్విచ్‌లో ఆడే కొట్లాట ఆట సూపర్ స్మాష్ బ్రదర్స్ అల్టిమేట్‌లో మీరు పోకెమాన్ పాత్ర జిగ్లీపఫ్‌ని ఎంచుకోగానే పక్కవాళ్లు నవ్వుతారు. నవ్వనివ్వండి. గుండ్రంగా, గులాబీ రంగులో, ఇంతింత కళ్లతో ఉంటుంది. ఆటలోకెల్లా తేలికైన పాత్రల్లో అదొకటి, గట్టి దెబ్బ ఒక్కటి పడితే తెర దాటిపోతుంది. తెర దాటితే ఒక ప్రాణం పోయినట్టే. ఆ బొమ్మ చేతిలో ఉన్న అసలు ఆయుధం రెస్ట్. స్టిక్ కిందికి వంచి బి నొక్కితే కళ్లు మూసుకుని నిద్రపోతుంది, అంతే. కాకపోతే అది కళ్లు మూసే క్షణంలో దాని ఒంటికి ఆనుకుని ఎవడున్నాడో వాడు ఎగిరిపోతాడు. ఆ తర్వాత కొన్ని సెకన్లపాటు మన జిగ్లీపఫ్ లేవదు. మీరు బటన్లన్నీ వాయించినా లేవదు.

ముందు దూరం సంగతి. పక్కన నిలబడి వేస్తే తగలదు, ఆనుకున్నట్టు కనబడ్డా ఒక్కోసారి తగలదు. దెబ్బ ఉండేది జిగ్లీపఫ్ ఒంటి మధ్యలో, చాలా చిన్న మేర. అందుకని ఎదుటివాడి ఒంట్లోకి దూరిపోయినంత దగ్గరికి వెళ్లాలి. దీనికి ట్రైనింగ్ మోడ్ తప్ప దారి లేదు. కంప్యూటర్ పాత్రని కదలకుండా నిలబెట్టి, ఆట వేగం తగ్గించి, ఎక్కడ తగులుతోందో ఎక్కడ తప్పుతోందో చూడండి. దెబ్బలు తినేకొద్దీ డ్యామేజీ శాతం పెరుగుతుంది, అది పెరిగేకొద్దీ వాడు ఎక్కువ దూరం ఎగిరిపోతాడు. అక్కడే ఆ శాతం కూడా మనమే పెట్టుకోవచ్చు. పిచూ లాంటి తేలికవాడు, మారియో లాంటి మధ్యస్థుడు, బౌజర్ లాంటి బరువైనవాడు, ఈ ముగ్గురూ ఎంత శాతం దగ్గర పోతున్నారో కాగితం మీద రాసుకోండి. ఈ పని బద్ధకించినవాళ్లే, బౌజర్ మీద తొందరపడి వేసి, వాడు గాల్లో తిరిగి వస్తుంటే నిద్రపోతూ కూర్చుంటారు. బతికి వచ్చినవాడి నెత్తిన పువ్వొకటి మొలుస్తుంది, దానివల్ల డ్యామేజీ కొంచెం కొంచెం పెరుగుతుంది. చూడ్డానికి బాగుంటుంది గానీ దాన్ని నమ్ముకోవద్దు.

జాయ్‌కాన్ (స్విచ్‌తో వచ్చే చిన్న కంట్రోలర్) ఒక్కటి అడ్డంగా పట్టుకుని ఆడేవాళ్లకి ఇంకో చిక్కుంది. స్టిక్ చిన్నది. అది కిందికి వెళ్లకముందే బి నొక్కేస్తే రెస్ట్ బదులు రోలవుట్, అంటే దొర్లుకుంటూ దూసుకుపోవడం మొదలవుతుంది. పక్కకి జారితే పౌండ్, అంటే ముందుకి గుద్దే దెబ్బ వస్తుంది. ముందు స్టిక్, వెంటనే బటన్. వేలికి ఆ వరస అలవాటయ్యేదాకా పందేలు కట్టకండి. విశాఖలో మా పెదవాల్తేరు ఇంట్లో పందెమంటే ఆర్కే బీచ్ దగ్గర మురీ మిక్చర్, ఓడినవాళ్లే అందరికీ కొనాలి.

ఇక అవకాశాలు. నమ్మకమైంది ఎదుటివాడి తొందరపాటే. మా చిన్నాన్న కొడుకు గానన్‌డార్ఫ్‌ని తప్ప ఇంకెవర్నీ ముట్టుకోడు. వాడు స్మాష్ దెబ్బకి (అంటే బలమంతా పెట్టి కొట్టే దెబ్బకి) కత్తి ఎత్తాడంటే అది దిగి, మళ్లీ వాడు కుదురుకునేసరికి బోలెడు టైమ్. కత్తి మీదుగా ఎగిరి, స్టిక్ కిందికి గుంజి వేగంగా వాడి గుండెల మీదకి దిగి, అక్కడే రెస్ట్. "ఓలమ్మ, పడుకునే చంపీసినావేటక్కా!" అంటాడు. మళ్లీ అదే కత్తి ఎత్తుతాడు.

తొందరపడని వాళ్లతో ఆడేటప్పుడు గాల్లో పైకి కొట్టే దెబ్బని కిందికి దిగుతూ తగిలించండి. అది ఎదుటివాణ్ణి కాస్త లేపి మన మీదే ఉంచుతుంది, నేల తాకగానే రెస్ట్‌కి అందుతాడు. మనం షీల్డ్ (దెబ్బల్ని ఆపే బుడగ) వెనకాల ఉన్నప్పుడు మాత్రం రెస్ట్ నేరుగా రాదు. ముందు ఎగిరి, ఆ ఎగరడంలోనే వెయ్యాలి. షీల్డ్‌ని ఎక్కువసేపు పట్టుకోవడమూ ప్రమాదమే. మిగతావాళ్ల షీల్డ్ పగిలితే కళ్లు తిరిగి తూలుతారు, జిగ్లీపఫ్‌ది పగిలితే నిట్టనిలువునా ఎగిరి, పైన అడ్డేమీ లేకపోతే ప్రాణమే పోతుంది. పాట పాడి నిద్రపుచ్చి రెస్ట్ వేద్దామని కొత్తవాళ్లందరికీ అనిపిస్తుంది. పాట నేల మీద ఉన్నవాళ్లకే పనిచేస్తుంది, వాళ్ల డ్యామేజీ బాగా ఎక్కువుంటే తప్ప మన పాట ముగిసేలోపే లేచిపోతారు. నాకైతే అది దండగ.

అసలు తెలియాల్సింది లెక్క. నేను దొండపర్తిలో ఒక ఆడిటరు గారి ఆఫీసులో పనిచేస్తాను, అందుకని రెస్ట్‌ని జమాఖర్చుగానే చూస్తాను. తగిలితే వాడి ప్రాణం ఒకటి జమ. కానీ వాడు తిరిగి దిగేది కాసేపు దెబ్బ తగలని స్థితిలో. మనం ఇంకా నిద్రలోనే ఉంటే, పక్కకొచ్చి తీరిగ్గా బలం కూడదీసుకుని కొడతాడు. అది ఖర్చు. మన డ్యామేజీ అప్పటికే నూట ఇరవై శాతం ఉందనుకోండి, ఎలాగూ పోయే ప్రాణమది, దాన్నిచ్చి వాడిది పుచ్చుకోవడం లాభం. అప్పుడే దిగిన కొత్త ప్రాణం మీదుండి, వాడికింకా రెండు మిగిలుండగా వేస్తే మాత్రం చేజేతులా నష్టం. వాడిది ఆఖరి ప్రాణమైతే ఇక లెక్కే లేదు, నిద్ర ఎంతసేపైనా ఆట అక్కడితో సరి. పైవైపుగా పోయినవాడు ఒక్కోసారి చుక్కలా మెరిసి మాయమవుతాడు. ఆ తతంగానికి పట్టే టైమ్ మన నిద్రకి కలిసొస్తుంది. అంచు దాటి గాల్లో వెయ్యడం మాత్రం వద్దు, నిద్రలోనే కిందికి పోతారు.

ఇదంతా ఉత్త సరదా అనుకునేవాళ్లకి ఒక మాట. ఇదే వరసలో 2001లో వచ్చిన పాత ఆట స్మాష్ బ్రదర్స్ మెలేలో రెస్ట్ మరీ ఘోరం, సెకనులో అరవయ్యో వంతుకే, మొదటి ఫ్రేమ్‌లోనే తగులుతుంది. 2016లో ఈవో అనే పెద్ద కొట్లాట ఆటల పోటీలో హంగ్రీబాక్స్ అనే ఆటగాడు ఈ జిగ్లీపఫ్‌తోనే మెలే టైటిల్ గెలిచాడు.

నలుగురు కలిసి ఎవరికి వారు ఆడే ఆదివారం ఆటల్లో రెస్ట్ జోలికి పోకండి. ఒకణ్ణి లేపేసినా, మిగతా ఇద్దరూ మన నిద్ర కోసమే కాచుకుని ఉంటారు. ఇద్దరిద్దరు జట్లుగా ఆడితే మాత్రం రెస్ట్‌కి మంచి రోజులు, మనం పడుకున్నంతసేపూ జతగాడు కాపలా కాస్తాడు. టీమ్ అటాక్ (మన దెబ్బ మన జతగాడికీ తగిలే సెట్టింగ్) ఆన్‌లో ఉందేమో మొదలుపెట్టే ముందే చూసుకోండి. ఉంటే ఆ కాపలావాణ్ణి కాస్త ఎడంగా నిలబడమనండి, లేదంటే ముందు ఎగిరిపోయేది వాడే.