మాటా చెయ్యీ – 3వ పాఠం: ఊపు ఏ మాట మీద పడింది?

మాట్లాడేటప్పుడు చేతులు మాటతో కలిసి ఎలా కదులుతాయో గమనించడమే ఈ పాఠాల పని. పోయిన పాఠంలో ఇంట్లో ఎవరిచేతనైనా జరిగిన సంగతి ఒకటి చెప్పించి, ఒక నిమిషం వీడియో తీసి, చేతులు చూడకుండా మాటలు మాత్రం ఉన్నదున్నట్టు రాసుకోమన్నాను. ఆ కాగితం ముందు పెట్టుకోండి. ఫోన్ నిలువుగా పట్టుకుని తీసినవాళ్లు మళ్లీ తీయక తప్పదు. నేనూ మొదటిసారి అదే చేశాను. ముఖం బ్రహ్మాండంగా వచ్చింది, చేతులు మోచేతి దగ్గరే తెగిపోయాయి.

నా నమూనా చెన్నై పెరంబూరులో ఉండే మా పిన్నిది. ఆవిణ్ణి అడిగే తీశాను. నీళ్ల లారీ వచ్చిన రోజు గొడవ చెబుతూ ఆవిడ అన్న ఒక్క వాక్యం తీసుకుందాం:

"లారీ వచ్చిందని ఎవరో కేకేస్తే, కంగారులో చెయ్యి తగిలి బిందె డబడబా దొర్లుకుంటూ పోయిందిరా."

ముందు సౌండ్ ఆపేసి చూడండి. పిన్ని కుడిచెయ్యి భుజం దాకా లేచింది, వేళ్లు కాస్త ముడుచుకుని గుండ్రంగా తిరుగుతూ ఎడమ మోకాలి వైపు దిగింది. ఇది ఇంట్లోవాళ్లకి చూపిస్తే ఒకరు దారం చుడుతోందన్నారు, ఒకరు పిండి కలుపుతోందన్నారు. సౌండ్ పెట్టగానే అందరికీ బిందే కనిపించింది. అదే, వీధి అవతల నుంచి ఎవరైనా ఐదు వేళ్లూ కలిపి నోటి దగ్గర పెడితే "తిన్నావా" అని మాట లేకుండానే తెలుస్తుంది. అది ఊరందరి ఒప్పందం. భరతనాట్యంలో పతాకం, అర్ధచంద్రం లాంటి ముద్రలు కూడా అంతే, నేర్చుకుంటే వచ్చేవి. పిన్ని చేసింది ఆ క్షణానికి పుట్టింది, దానికి పేరు లేదు, మాట పక్కన లేకపోతే అర్థమూ లేదు. మనకి కావలసింది ఈ రకమే.

ఇప్పుడు వేగం నాలుగో వంతుకి తగ్గించండి. చేతి కదలికని ముక్కలుగా చూడటం, చేతి సైగల మీద పరిశోధన చేసిన ఆడమ్ కెండన్ 1980లో రాసిన వ్యాసంలో కనిపిస్తుంది. ఆ ముక్కలకి మన వాడకం కోసం ఎత్తు, ఊపు, దింపు అని పేర్లు పెట్టుకుందాం. చెయ్యి ఒళ్లోంచి లేవడం ఎత్తు. అసలు బొమ్మ గీసేది ఊపు. తిరిగి ఒళ్లోకి రావడం దింపు. ఎత్తు నుంచి దింపు దాకా చదరపు కుండలీకరణాల్లో, ఊపుని నిలువు గీతల మధ్య పెట్టండి:

"...ఎవరో కేకేస్తే, [కంగారులో చెయ్యి తగిలి బిందె |డబడబా దొర్లుకుంటూ| పోయిందిరా]."

ఈ గీతలు పెట్టడానికి నాకు అరగంట పట్టింది, మీకూ పడుతుంది. సెకనుకి 30 ఫ్రేములు తీసే ఫోన్‌లో ఒక్క ఫ్రేము తేడా అంటే సెకనులో ముప్పయ్యో వంతు. మొదట్లో అంత పట్టింపు వద్దు, ఏ అక్షరం మీదో తేలితే చాలు. పని పెరిగాక, వీడియోలో ఏ క్షణానికి ఏ మాటో ఏ కదలికో గుర్తు పెట్టుకునే ఎలాన్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది, నెదర్లాండ్స్‌లోని మాక్స్ ప్లాంక్ సంస్థవాళ్లది. ఇప్పటికి పెన్సిల్ చాలు.

గీతలు పెట్టాక చూడండి. "కంగారులో" అన్నప్పుడే చెయ్యి లేచింది, బిందె మాట ఇంకా నోటికి రానేలేదు. లేచిన చెయ్యి "బిందె" దాకా ఆగి, "డబడబా"లో మొదటి "డ"తో కలిసి తిరగడం మొదలుపెట్టింది. ఊపు తన మాట కన్నా ముందైనా వస్తుంది, కలిసైనా వస్తుంది, వెనకబడటం అరుదు. షికాగో విశ్వవిద్యాలయంలో మనస్తత్వ శాస్త్రవేత్త డేవిడ్ మెక్‌నీల్ మాటనీ చేతినీ ఒకే ఆలోచనకి రెండు ముఖాలుగా చూడటానికి ఈ పొత్తు ఒక ముఖ్యమైన ఆధారం.

డబడబా, గిరగిరా, జరజరా లాంటి మాటల దగ్గర ప్రత్యేకంగా కాపు కాయండి. జపనీస్‌లోనూ ఇలాంటివి బోలెడు. వాటితో పాటు బొమ్మ గీసే చెయ్యి చాలా తరచుగా లేస్తుందని సోతారో కితా అనే పరిశోధకుడు 1997లో చూపించాడు. మన తెలుగులో ఎవరైనా చేతులు కట్టుకుని "గిరగిరా తిరిగింది" అనగలరేమో మీరే ప్రయత్నించి చూడండి.

ఇక చెయ్యి ఒక్కటే చెప్పింది ఏమిటి? ఎడమ. బిందె ఎటు పోయిందో వాక్యంలో ఎక్కడా లేదు. వాళ్లింటి మెట్లు దిగేటప్పుడు ఎడమకే తిరుగుతాయి. అడిగితే పిన్ని, "ఎడమ అని నేనెప్పుడన్నాన్రా?" అంది. వాక్యం కింద ఇంకో వరస గీసి, నోరు చెప్పనిది అక్కడ రాయండి. ఇక్కడే కొత్తవాళ్లు అత్యుత్సాహపడతారు. చెయ్యి మూడు చుట్లు తిరిగింది కాబట్టి బిందె మూడు పొర్లు పొర్లిందని రాసేయకండి. దొర్లడమే చెయ్యి చూపించింది, లెక్క కాదు.

మీ నిమిషంలో మూడు ఊపులు ఎంచుకుని ఇలాగే గీతలు పెట్టండి. వచ్చే పాఠానికి ఇంకో చిన్న వీడియో కావాలి. పెద్దవాళ్లెవరినైనా "పెళ్లికి ముందు ఎక్కడుండేవారు?" అని అడగండి. "ముందు" అన్నప్పుడు చెయ్యి ఒంటికి ముందుకి వెళ్లిందా, భుజం వెనక్కి వెళ్లిందా, అది మాత్రం రాసి ఉంచండి. ఎందుకని వాళ్లని అడగొద్దు, అడిగితే చేతులు కట్టుకుని కూర్చుంటారు.