గుయ్‌మనేది సింథా, ఇంటి కరెంటా? నాయిస్ స్టూడియో సమస్యలు - పరిష్కారాలు

పాట రికార్డు చేసేవాళ్లకు వెనకాల గుయ్‌మని వినిపిస్తే అది లోపమని వెంటనే తెలిసిపోతుంది. నాయిస్ సంగీతం చేసేవాళ్లకు ఆ సుఖం లేదు. మోత కావాలనే పెడతాం కాబట్టి కేబుల్ పాడైనా, ఎర్తింగ్ లేకపోయినా అది కూడా ట్రాకులో భాగమేలే అనుకుని గడిపేస్తాం. తేల్చుకోవడానికి ఒక పరీక్ష ఉంది. ఆ మోతను తగ్గించే నాబ్ సింథ్ (కరెంటుతో శబ్దం పుట్టించే వాయిద్యం, సింథసైజర్) మీదో పెడల్ (శబ్దాన్ని మార్చే చిన్న పెట్టె) మీదో ఉంటే అది మీది. అన్ని వాల్యూములూ సున్నా చేసినా మారకపోతే అది ఇంటిది, దాని సంగతి చూడాల్సిందే.

కింద రాసినవన్నీ మామూలు ఇంటి సెటప్ కోసం: పది బై పది గది, ల్యాప్‌టాప్, రెండు ఇన్‌పుట్ల ఆడియో ఇంటర్‌ఫేస్ (శబ్దాన్ని కంప్యూటర్లోకి పంపే పెట్టె), కోర్గ్ వోల్కా లాంటి చిన్న సింథ్, చిన్న మిక్సర్, కొన్ని గిటార్ పెడల్స్. వెతికేటప్పుడు ఒకసారికి ఒకటే మార్చండి. మూడు కేబుళ్లు ఒకేసారి మారిస్తే మోత పోవచ్చు గానీ ఎందుకు పోయిందో తెలియదు.

అన్నీ సున్నాలో ఉన్నా గుయ్‌మంటోంది

ముందు అది ఎలాంటి మోతో వినండి. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి బొంగురుగా, నిలకడగా వచ్చే హమ్ 50 దగ్గరో 100 దగ్గరో ఉంటుంది. గరుగ్గా జర్రుమంటుంటే ఫ్యాన్ రెగ్యులేటర్నో ఇన్వర్టర్నో అనుమానించాలి. మౌస్ కదిపినప్పుడల్లా కీచుకీచుమని మారుతుంటే ల్యాప్‌టాప్ నుంచి యూఎస్‌బీ మీదుగా వస్తోందన్నమాట.

ల్యాప్‌టాప్ చార్జర్ పీకి చూడండి. మోత ఠక్కున ఆగితే అది చాలావరకు గ్రౌండ్ లూపే. చార్జర్ ఒక బోర్డు నుంచి, స్పీకర్లు ఇంకో బోర్డు నుంచి ఎర్త్ తీసుకుంటున్నాయి. ఆ రెండు ఎర్తుల మధ్య ఉన్న కాస్త వోల్టేజ్ తేడా ఆడియో కేబుల్ షీల్డ్ గుండా పారుతోంది. అన్నిటినీ ఒకే ఎక్స్‌టెన్షన్ బాక్సుకు తగిలించండి. ఇంకా మిగిలితే ఇంటర్‌ఫేస్‌కీ స్పీకర్లకీ మధ్య బ్యాలెన్స్‌డ్ కేబుళ్లు (సిగ్నల్‌ను రెండు తీగల్లో పంపి, దారిలో చేరిన మోతను కొట్టేసేవి) వేయండి. చిన్న సింథ్‌ల అవుట్‌పుట్ ఎలాగూ అన్‌బ్యాలెన్స్‌డే, అక్కడ ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న డీఐ బాక్స్ (సిగ్నల్‌ను బ్యాలెన్స్‌డ్‌గా మార్చే పెట్టె) పెట్టాలి. ల్యాప్‌టాప్‌కీ ఇంటర్‌ఫేస్‌కీ మధ్య కరెంటు దారిని తెంచే యూఎస్‌బీ ఐసొలేటర్ కొనేటప్పుడు మాత్రం వేగం చూసుకోండి. చౌకవి చాలావరకు 12 ఎంబీపీఎస్‌వే, ఈ రోజుల్లో వచ్చే ఇంటర్‌ఫేస్‌లకు అది చాలదు.

త్రీ-పిన్ ప్లగ్గులో ఎర్త్ పిన్ తీసేయమని సలహా ఇచ్చేవాళ్లుంటారు. మోత ఆగుతుంది, నిజమే. కానీ రేపు లోపల ఫేజ్ వైరు ఊడి బాడీకి తగిలితే మిక్సర్ ప్యానెల్ మీద 230 వోల్టులుంటాయి, మీ చెయ్యి కూడా అక్కడే ఉంటుంది. ఆ పని చేయొద్దు.

ఫ్యాన్ సంగతి తేల్చడం తేలిక. రెగ్యులేటర్‌ను ఫుల్లులో పెట్టండి. జర్రుమనడం ఆగిపోతే మీది కరెంటు తరంగాన్ని ముక్కలు కోసే రకం. అంచెలంచెలుగా తిరిగే కెపాసిటర్ రెగ్యులేటర్ పెట్టించుకుంటే పోతుంది. కరెంటు పోయి ఇన్వర్టర్ మీదకు వచ్చినప్పుడే జర్రుమంటుంటే అది స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్. సైన్ వేవ్‌ది కొనేదాకా ఆ టైములో రికార్డింగ్ పెట్టుకోకండి. ఉండుండి టకటకా కొట్టుకుంటోందంటే ఫోన్: 2జీ సిగ్నల్ సెకనుకు 217 సార్లు ఆగి మొదలవుతుంది, ఆడియో కేబుల్ దాన్ని పట్టేస్తుంది. ఫోన్ పక్క గదిలో పెట్టండి.

మిక్సర్ స్క్రూ ముట్టుకుంటే జివ్వుమంటోంది

అడాప్టర్ లోపలి ఫిల్టర్ కెపాసిటర్ల నుంచి ఎప్పుడూ కొద్దిగా కరెంటు లీకవుతుంది, అది ఎర్తులోకి పోవాలి. పాత అద్దె ఇళ్లలో సాకెట్‌కు మూడు రంధ్రాలున్నా పై రంధ్రం వెనక వైరే ఉండకపోవచ్చు. ఎలక్ట్రీషియన్‌తో మల్టీమీటర్ పెట్టించండి. ఫేజ్‌కీ ఎర్త్‌కీ మధ్య 230కి దగ్గరగా, న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ మధ్య ఒకటి రెండు వోల్టులు వస్తే బాగున్నట్టే. లోడ్ ఉన్నప్పుడు కూడా రెండోది కచ్చితంగా సున్నా చూపిస్తే బోర్డు విప్పించండి. సాకెట్లోనే ఎర్త్‌ను న్యూట్రల్‌కు కలిపేసి ‘అయిపోయింది సార్’ అనేవాళ్లున్నారు. ఆ న్యూట్రల్ ఎక్కడైనా తెగితే మీ పరికరాల బాడీలన్నిటికీ కరెంటు వస్తుంది.

సింథ్ హెడ్‌ఫోన్‌లో బ్రహ్మాండంగా ఉంది, ఇంటర్‌ఫేస్‌లో పీలగా ఉంది

వోల్కా కొన్న కొత్తలో చాలామందికి ఎదురయ్యే సమస్య ఇది. కేబుల్ పాడైందనో సింథ్ పోయిందనో టెన్షన్ పడతారు. నిజానికి రెండూ బాగానే ఉంటాయి.

దానికి ఉన్న అవుట్‌పుట్ హెడ్‌ఫోన్ జాక్ ఒక్కటే. చాలా మోడళ్లలో అందులో ఎడమకీ కుడికీ ఒకే మోనో సిగ్నల్ వస్తుంది. మీరు చిన్న స్టీరియో పిన్ను నుంచి పెద్ద స్టీరియో పిన్నుకు వెళ్లే కేబుల్ వేశారు. ఇంటర్‌ఫేస్‌లోని బ్యాలెన్స్‌డ్ ఇన్‌పుట్‌కు స్టీరియో గొడవ తెలియదు. పిన్ను కొస మీద వచ్చిన దాంట్లోంచి మధ్య రింగు మీద వచ్చిన దాన్ని తీసేయడమే దాని పని. రెండూ ఒకటే అయినప్పుడు మిగిలేది సున్నా. స్టీరియో డిలే ఉన్న సింథ్ అయితే రెండు వైపులా తేడాగా ఉన్న ముక్క మాత్రం మిగిలి, అసలు స్వరం లేకుండా దాని ప్రతిధ్వని ఒక్కటే వినిపిస్తుంది. బాగుందని అలాగే ఉంచుకునేవాళ్లూ ఉన్నారు, నేనేమీ అనను.

ప్లగ్గును మెల్లగా సగం బయటికి లాగండి. శబ్దం ఒక్కసారిగా నిండుగా వస్తే కారణం ఇదే. ఒకవైపు చిన్న స్టీరియో పిన్ను, ఇంకోవైపు రెండు పెద్ద మోనో పిన్నులు ఉండే వై కేబుల్ కొనండి. రెండూ పెట్టక్కర్లేదు, మోనో సింథ్‌కి ఎడమది ఒక్కటి చాలు.

పెడల్ అడాప్టర్ పెట్టాక సింథ్ వెలగడం లేదు

రెండూ 9 వోల్టులే, కానీ బాస్ (Boss) కంపెనీ తరహా గిటార్ పెడల్స్‌కు ప్లగ్గు మధ్యలో మైనస్ ఉంటుంది, వోల్కాకు మధ్యలో ప్లస్. కన్వర్టర్ ముక్కలతో సైజు కుదుర్చుకుని పెట్టేవాళ్లు జాక్ పక్కనున్న గుర్తు చూసి తీరాలి. ఒకసారి కాలిపోతే రిపేరు షాపే దిక్కు. వోల్కాలో ఆరు పెన్సిల్ బ్యాటరీలు వేసుకునే వీలుంది కదా, హమ్ వెతికేటప్పుడు అది బాగా పనికొస్తుంది. బ్యాటరీ మీద మోత పోయిందంటే తప్పు అడాప్టర్‌ది. డిజిటల్ డిలే, ఫజ్ పెడల్స్ ఒకే అడాప్టర్ నుంచి గొలుసుగా కరెంటు తీసుకుంటే వచ్చే సన్నటి ఈలకు మందు ఒక్కోదానికి విడిగా కరెంటు ఇచ్చే ఐసొలేటెడ్ పవర్ సప్లై.

సింక్ పెడితే వోల్కా రెట్టింపు వేగంతో పరిగెడుతోంది

సింక్ అంటే రెండు పరికరాలు ఒకే వేగంతో నడవడానికి పంపే పల్సులు. వోల్కాకు బీటుకు రెండు కావాలి. మాడ్యులర్ సీక్వెన్సర్ (స్వరాలను స్టెప్పులుగా వరుసలో వాయించే పరికరం) స్టెప్‌కొకటి చొప్పున నాలుగు పంపుతోంది. మధ్యలో రెండుతో భాగించే క్లాక్ డివైడర్ పెట్టండి.

కాంటాక్ట్ మైక్ డొల్లగా, రేకు డబ్బాలా మోగుతోంది

స్టీలు పళ్లానికో కిటికీ గ్రిల్లుకో పీజో బిళ్ల (కంపనాన్ని కరెంటుగా మార్చేది, కాంటాక్ట్ మైక్ అంటే ఇదే) అంటించి రికార్డు చేస్తే బాస్, అంటే లోతైన శబ్దం, అసలు రాదు. తప్పు పళ్లానిది కాదు, ఇన్‌పుట్‌ది. 27 మిల్లీమీటర్ల పీజో సుమారు 20 నానోఫారడ్ల కెపాసిటర్ లాంటిది. దాన్ని 10 కిలోఓమ్‌ల లైన్ ఇన్‌పుట్‌లో పెడితే దాదాపు 800 హెర్ట్జ్ కింద ఉన్నదంతా తగ్గిపోతుంది. అదే 1 మెగాఓమ్ ఇన్‌పుట్‌లో పెడితే ఆ హద్దు 8 హెర్ట్జ్‌కి దిగుతుంది. ఇంటర్‌ఫేస్ మీద గిటార్ బొమ్మ ఉన్న బటన్ నొక్కండి, లేదా అంతే ఎక్కువ ఓమ్‌ల ఇన్‌పుట్ ఉన్న బఫర్ ప్రీఆంప్ పెట్టండి. చెయ్యి దగ్గరికి తెస్తే హమ్ మారుతోందంటే షీల్డ్ లేదని అర్థం. బిళ్లకు ముందు ఇన్సులేషన్ టేపు చుట్టి, దాని మీద అల్యూమినియం ఫాయిల్ చుట్టి, ఫాయిల్‌ను కేబుల్ షీల్డ్‌కు కలపండి.

నో-ఇన్‌పుట్ మిక్సర్‌లో ఈల తప్ప ఏమీ రావడం లేదు

మిక్సర్ అవుట్‌పుట్‌ను దాని ఇన్‌పుట్‌కే తిప్పి వాయించే ఈ పద్ధతికి బాగా తెలిసిన పేరు జపాన్‌కు చెందిన తోషిమారు నకమురా. లూప్‌లో ఏ ఫ్రీక్వెన్సీకి గెయిన్ ఎక్కువ ఉంటే అదే మిగతావాటిని నొక్కేస్తుంది. అందుకే ఈల. హై నాబ్ పూర్తిగా తగ్గించి, లో నాబ్ పెంచి, మెయిన్ అవుట్‌పుట్ బదులు ఆక్స్ సెండ్ (మిక్సర్ మీద ఉండే అదనపు అవుట్‌పుట్) నుంచి తిప్పండి. మధ్యలో ఒక డిలే పెడల్ పెడితే లూప్ తడబడుతుంది, అసలు రుచి అక్కడే ఉంది.

ఇక్కడ ఒక జాగ్రత్త. లెవెల్ ఏ క్షణాన ఎక్కడికి దూకుతుందో తెలియదు. శబ్దం హద్దు దాటకుండా కంప్యూటర్లో పెట్టిన లిమిటర్, మీరు నేరుగా మిక్సర్ నుంచి వింటుంటే మీ చెవుల్ని కాపాడదు. కొత్త ప్యాచ్ (కేబుళ్ల అమరిక) మొదలుపెట్టేటప్పుడు హెడ్‌ఫోన్ తీసేసి, స్పీకర్ తగ్గించి వినండి. 85 డెసిబెల్స్ దగ్గర ఎనిమిది గంటలు వినొచ్చంటారు, ఆపైన ప్రతి 3 డెసిబెల్స్‌కూ ఆ సమయం సగమవుతుంది.

రికార్డింగ్‌లో చిటపటలు

కంప్యూటర్ శబ్దాన్ని కాసేపు దాచుకునే బఫర్ చాలకపోతే వస్తాయి. మన ట్రాకులో చిటపటలు మామూలే కాబట్టి చెవితో పట్టలేం. సింథ్ నుంచి శుభ్రమైన సైన్ వేవ్ కాసేపు రికార్డు చేసి వేవ్‌ఫామ్ పెద్దది చేసి చూడండి, తెగిన చోట్లు కనిపిస్తాయి. 48,000 శాంపిల్ రేటులో 256 బఫర్ అంటే 5.3 మిల్లీసెకన్లే. డ్రోన్లు, అంటే ఆగకుండా సాగే స్వరాలు, చేసేవాళ్లు 1024 పెట్టుకున్నా నష్టం లేదు. రికార్డు చేసింది దాదాపు ఒకటిన్నర సెమిటోన్, అంటే కీబోర్డు మీద ఒక కీకీ రెండు కీలకీ మధ్య, ఎక్కువగానో తక్కువగానో మోగితే ఒకచోట శాంపిల్ రేటు 44,100, ఇంకోచోట 48,000 ఉంది.

కుర్చీ జరిపితే బాస్ మాయమవుతోంది

పది అడుగుల ఎదురెదురు గోడల మధ్య 56 హెర్ట్జ్ దగ్గర శబ్దం నిలబడిపోతుంది. గది చదరంగా ఉంటే రెండు జతల గోడలూ ఒకేచోట మోగి ఇంకా దిగజారుతుంది. గోడకు కోడిగుడ్ల ట్రేలు అంటించి లాభం లేదు, బాస్ వాటిని పట్టించుకోదు. మూలల్లో నాలుగు అంగుళాల మందం రాక్‌వుల్ (రాతి నార) పలకలు నిలబెట్టండి, కుదరకపోతే పరుపైనా సరే. గది సరిగ్గా మధ్యలో కూర్చోవద్దు.

అదే బాస్ స్లాబ్ గుండా కిందింటికీ దిగుతుంది, స్పీకర్ల కింద పెట్టే ఫోమ్ దాన్ని పెద్దగా ఆపదు. నివాస ప్రాంతాల్లో రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా పరిమితి 45 డెసిబెల్స్. ఓనరు ఫోన్ చేసేదాకా ఆగకుండా పదింటికల్లా హెడ్‌ఫోన్‌కి మారిపోండి, నో-ఇన్‌పుట్ ప్యాచ్‌లను పగటికి వదిలేయండి.