బ్యాటరీ ఫుల్, మిక్సీ వేస్తే ఇన్వర్టర్ ఆఫ్: వ్యాన్‌లో కాపురం ఉండేవాళ్లకు

ఫోన్లు చార్జ్ అవుతాయి, లైట్లు వెలుగుతాయి. పొద్దున్నే చట్నీకి మిక్సీ తిప్పగానే ఇన్వర్టర్ కుయ్ కుయ్‌మని అరిచి ఆగిపోతుంది. గుట్టుగా ఉందామని హైదరాబాద్ నెక్లెస్ రోడ్డు పక్కన ఆపిన వ్యాన్‌లోంచి ఆ కూత వినిపిస్తే ఇంకేం గుట్టు?

దీంతో నా దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామంది అప్పటికే కొత్త లిథియం బ్యాటరీ రేటు కనుక్కుని వస్తారు. మల్టీమీటర్ పెట్టి చూశారా అంటే, "చూశామండీ, 13.3 వోల్టులు ఉంది" అంటారు. లోడ్ లేనప్పుడు చూస్తే ఏం లాభం? మిక్సీ తిరుగుతుండగా, ఇన్వర్టర్ టెర్మినల్స్ మీద చూడాలి. ఆగిపోయేలోపు రెండు సెకన్లు చాలు.

అసలు దొంగ: నెగెటివ్ కనెక్షన్

దీని చేతిలో నేనూ దెబ్బ తిన్నాను. బ్యాటరీ మార్చాను, అదే కూత. చివరికి లోడ్ పెట్టి చూస్తే బ్యాటరీ దగ్గర 12.9, ఇన్వర్టర్ దగ్గర 10.8. అంత తక్కువ వోల్టేజీ చూసి, బ్యాటరీ అయిపోయిందనుకుని ఇన్వర్టర్ ఆగిపోతోందన్నమాట. 750 వాట్ల మిక్సీకి 12 వోల్టుల వైపు దాదాపు 70 ఆంపియర్లు లాగుతుంది. అంటే ఆ 2.1 వోల్టులు దారిలోనే దాదాపు 150 వాట్ల వేడిగా పోతున్నాయి.

ఎక్కడ పోతున్నాయో తేలాలంటే మీటర్‌ని డీసీ వోల్ట్స్‌లో పెట్టి, లోడ్ మీద ఒక ప్రోబ్ బ్యాటరీ ప్లస్‌కి, రెండోది ఇన్వర్టర్ ప్లస్‌కి ఆనించండి. తర్వాత మైనస్ నుంచి మైనస్‌కి. ఏ వైపైనా 0.2 దాటితే అనుమానించండి. నాకు ప్లస్ వైపు 0.2, మైనస్ వైపు 1.9 వచ్చింది.

వైరింగ్ చేసినాయన నెగెటివ్‌ని సీటు బోల్టు కింద బాడీకి బిగించి వదిలేశాడు. బోల్టు విప్పితే లగ్గు (వైరు చివర బిగించే లోహపు రింగు) కింద పెయింట్ చెక్కుచెదరలేదు. కరెంటు పోయిందల్లా బోల్టు మరల గుండానే! ఫోన్ చార్జర్‌కి ఆ దారి చాలు, మిక్సీకి చాలదు.

పెయింట్ గీకి మళ్లీ బిగిస్తే పని నడుస్తుంది కానీ, బాడీని నమ్ముకోకండి. 25 చదరపు మిల్లీమీటర్ల రాగి ఫ్లెక్సిబుల్ కేబుల్ బ్యాటరీ నెగెటివ్ నుంచి నేరుగా ఇన్వర్టర్‌కి వేయండి. ట్రూప్ బజార్‌లో మీటర్ లెక్కన కోసిస్తారు. రాగి రంగు పూసిన అల్యూమినియం కూడా దొరుకుతుంది, చివర గీకి చూసి కొనండి. లగ్గుని సుత్తితో కొట్టొద్దు, క్రింప్ చేయించండి, అంటే దానికని ఉన్న పనిముట్టుతో నొక్కించండి. బ్యాటరీ పక్కనే ప్లస్ వైరుకి ఫ్యూజు ఉండి తీరాలి. పని మొదలుపెట్టే ముందు బ్యాటరీ నెగెటివ్ తీసేయండి.

మిగతావి

రోజంతా బండి నడిపినా రెండో బ్యాటరీ (ఇంటి సామానుకి వాడేది) చార్జ్ ఎక్కట్లేదా? బీఎస్ 6 బండ్లలో చాలావాటి ఆల్టర్నేటర్ వోల్టేజీ తగ్గించేస్తుంది, రెండు బ్యాటరీలను కలిపే రిలే చాలదు, ఆ వోల్టేజీని పెంచి ఎక్కించే డీసీ-డీసీ చార్జర్ కావాలి. మే నెలలో మూసిన వ్యాన్‌లో వేడికి బీఎంఎస్ (లిథియం బ్యాటరీని కాపాడే సర్క్యూట్) చార్జింగ్ ఆపేస్తుంది, చల్లబడనివ్వండి. సోలార్ మీద వేపచెట్టు నీడ పడుతుందేమో చూడండి. ఇన్వర్టరే పాడైన కేసులు నాకు తగిలింది తక్కువ.

రాత్రి ఇన్వర్టర్ ఆపేసి, ఫ్యాను, ఫోను 12 వోల్టుల మీదే నడపండి. ఇన్వర్టర్ లోపలి ఫ్యాన్ చప్పుడు తప్పుతుంది, ఊరికే తాగే కరెంటూ మిగులుతుంది. ఇక కేబుల్ మార్చాక ఓ వంద కిలోమీటర్లు తిరిగి, బోల్టులకి మళ్లీ ఒకసారి స్పానర్ పెట్టండి. మన గుంతలకి తప్పకుండా లూజవుతాయి.