మాట్‌ప్లాట్‌లిబ్‌లో రంగుల వరుస ఎంపిక

పైథాన్‌లో గ్రాఫులు గీసే లైబ్రరీ అయిన మాట్‌ప్లాట్‌లిబ్‌తో ఉష్ణోగ్రత, సాంద్రత వంటి విలువలను రంగుల్లో చూపేటప్పుడు, పాత ప్రోగ్రాముల నుంచి కాపీ చేసుకున్న ‘జెట్’ కలర్‌మ్యాప్ (విలువలకు రంగులు కేటాయించే వరుస) మీ కోడ్‌లో ఇంకా మిగిలి ఉంటే దానిని మార్చడం మంచిది. నీలం నుంచి ఎరుపు దాకా సాగే ఆ వరుసలో పసుపు, లేత నీలం పట్టీలు మిగిలిన వాటికంటే ప్రకాశవంతంగా ఉండడం వల్ల, విలువలు నిజానికి నెమ్మదిగా మారుతున్న చోట కూడా ఒక సరిహద్దు ఉన్నట్లు కంటికి తోస్తుంది. నలుపు తెలుపుల్లో ముద్రిస్తే రెండు చివరలూ దాదాపు ఒకే బూడిద రంగులోకి దిగిపోతాయి. చూడడానికి ఆకర్షణీయంగా ఉంటుందన్న మాట నిజమే, చిక్కంతా అక్కడే ఉంది. 2017లో వచ్చిన 2.0 వెర్షన్ నుంచి డిఫాల్ట్‌గా ఉన్న ‘విరిడిస్’లో ప్రకాశం ఒకే దిశలో, సమానమైన మెట్లతో పెరుగుతుంది కనుక, ఎరుపు, ఆకుపచ్చల తేడా గుర్తించలేనివారు కూడా దానిని చదవగలుగుతారు.

అయితే సున్నాకు ఇరువైపులా విస్తరించే విలువలకు విరిడిస్ అంతగా నప్పదు. వాటికి ‘కూల్‌వార్మ్’ వంటి, మధ్య రంగు నుంచి రెండు వైపులా వేర్వేరు రంగుల్లోకి సాగే ద్విముఖ కలర్‌మ్యాప్ తీసుకుని, కనిష్ఠ, గరిష్ఠ హద్దులను సున్నా నుంచి సమాన దూరంలో, ఉదాహరణకు -5, 5 అని, మీరే ఇవ్వాలి. లేకపోతే డేటాలోని అతి చిన్న, అతి పెద్ద విలువలనే లైబ్రరీ హద్దులుగా తీసుకుంటుంది కాబట్టి మధ్య రంగు సాధారణంగా సున్నా మీద పడదు.